చోటుండీ చోటు లేదంది

జూన్ 4

మళ్లీ మొండికేసింది. పదకొండింటికి, అందరూ ఫోన్లు పట్టుకునే వేళకి సరిగ్గా. అప్పటికే మాట్లాడుతున్నవాళ్ల కాల్స్ శుభ్రంగా నడుస్తున్నాయి. కొత్తగా ఒక్కరిని లోపలికి రానివ్వదు. పోనీ చచ్చిందా అంటే అదీ లేదు. చస్తే ఏదో ఒకటి చేద్దును.

బయటేమో వినబడనివాళ్లు ఎంతమందో ఫోను తెర ముందు చేతులెత్తి ఎదురుచూపు. లోపలేమో వాళ్ల చేతుల మాటని నోటి మాటగా, అవతలివాళ్ల నోటి మాటని చేతుల మాటగా మార్చే మా ఇంటర్‌ప్రెటర్లు తలా ఒక గదిలో చేతులు ఒళ్లో పెట్టుకుని ఖాళీగా. మధ్యలో నా మెషీను. దీనికి తల్లీ తండ్రీ నేనే కాబట్టి తిట్లూ నాకే.

మా దగ్గర ఎవరికీ అసలు పేర్లు లేవు. వినబడనివాళ్లు మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి ఒక సైగ పెట్టేస్తారు, ఇక జన్మంతా అదే పేరు. మా మేనేజరుకి కళ్లజోడు అని పెట్టారు. ఇవాళ కూడా దాన్ని నుదుటి మీదకి తోసుకుని, నా బల్ల మీద దానికోసమే వెతుకుతూ, "ఏమ్మా, ఏమంటోంది?" అన్నాడు.

"మెమరీ లేదంటోంది సర్" అన్నాను. నిజమే, తెర మీద అలాగే పడింది: కొత్త థ్రెడ్డు పుట్టించలేను, మెమరీ లేదు. ఒక్కో కాల్‌కి బొమ్మ పంపడానికొకటి, బొమ్మ అందుకోవడానికొకటి, గొంతుకొకటి, అలా మెషీను లోపల చిన్న చిన్న పనివాళ్లు పుట్టాలి. వాళ్లనే థ్రెడ్లంటాం. ఒక్కొక్కరూ కూర్చోడానికి కాస్త మెమరీ కావాలి. కూర్చోడానికి చోటు లేకపోతే ఎవరు మాత్రం పుడతారు? ఇంకాస్త మెమరీ కొనిపెట్టమని నేను చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను.

"కొంటాం. కానీ మెషీను ఆపడానికి మాత్రం వీల్లేదు" అన్నాడు. ఆఫీసు తెరిచిన రోజున వెలిగించిన మెషీను. ఇంతవరకూ కన్ను మూయలేదని వచ్చిన ప్రతి అతిథికీ కొడుకు ఫస్టు క్లాసు గురించి చెప్పినట్టు చెబుతాడు. ఆ గొప్పలో సగం నాదే కాబట్టి నేనూ తలాడించాను.

సాయంత్రం చెల్లి వచ్చింది. పొట్ట ముందు, అది వెనకాల. కూర్చోగానే చేతులతో చెప్పేసింది, డాక్టరు మాట తనకి చేరవెయ్యడానికి పురిటి గదిలోకి నేను వద్దట. ఫోన్లో గాజులు ఉంటే చాలట.

గాజులు గారంటే మా ఇంటర్‌ప్రెటర్లలో పెద్దావిడ. పని మీద మెరిసేవేవీ వేసుకోకూడదని గాజులు తీసేసి ఎన్నేళ్లయిందో, పేరు మాత్రం పోలేదు. మంచావిడ. పనిమంతురాలు. అందులో వంక పెట్టడానికేం లేదు.

నాకేం బాధ లేదు.

జూన్ 5

నిజంగానే నాకేం బాధ లేదు.

జూన్ 9

చెల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మరిది కూడా వచ్చాడు. అతనికీ వినబడదు. వడ్రంగి పని, జుట్టులో ఎప్పుడూ కాస్త పొట్టు ఉంటుంది. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని డాక్టరు మొహం చూస్తారు, డాక్టరు నా మొహం చూస్తుంది, నేను అటూ ఇటూ తిరుగుతాను. చెల్లికి నాలుగేళ్లప్పటినుంచీ ఇదే నా ఉద్యోగం. బడిలో చేర్చేటప్పుడు నేనే, పంటి డాక్టరు దగ్గర నేనే. పెళ్లిచూపుల్లో మాత్రం నా అవసరం పడలేదు, వాళ్లిద్దరూ చేతులతో గంటసేపు మాట్లాడుకుంటుంటే మేమంతా గోడలు చూస్తూ కూర్చున్నాం.

డాక్టరు చాలాసేపు చెప్పింది. బిడ్డ తల ఇంకా తిరగలేదని, ఇంకా టైముందని, తిరక్కపోతే ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో. నేను చెల్లి వైపు తిరిగి "అంతా బావుందట" అన్నాను.

ఇంటికొస్తూ బస్సు దిగాక చెల్లి నన్ను రోడ్డు పక్కన ఆపి, "డాక్టరు ఎంతసేపు మాట్లాడింది?" అంది చేతులతో.

"ఏమో. కాసేపు."

"నువ్వు నాకెంత చెప్పావు?"

"నువ్వు కంగారుపడతావని..."

"బిడ్డ ఎవరి కడుపులో ఉంది?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరాడవాళ్లు ఇలా గాల్లో చేతులు విసురుకుంటుంటే కొట్టుకుంటున్నారేమో అని ఆగి చూశారు. మరిది వాళ్లకి నవ్వుతూ దణ్ణం పెట్టాడు.

"నువ్వు నా అక్కవి. అక్క చెప్పేది అక్కకి నచ్చింది. గాజులు అందరి మాటా అందరికీ మొత్తం చెబుతుంది, దానికే జీతం తీసుకుంటుంది. ఆ గదిలో నాకు మొత్తం కావాలి" అంది. అని, తర్వాత నా చెంప మీద ఒకటి చిన్నగా వేసింది, ముద్దుగా. దాని మాటలన్నీ చివరికి చెంప మీదే తేలతాయి.

సరే. మొత్తమే వినని. భయపడితే నా దగ్గరికి రావద్దు.

జూన్ 12

మెమరీ వచ్చింది. వచ్చేసింది. కళ్లజోడు స్వయంగా డబ్బా పట్టుకొచ్చాడు, హారతి పళ్లెం తెచ్చినట్టు. మెషీను ఆపకుండానే దాని పక్క తలుపు తీసి కొత్త మెమరీ గుచ్చాను. ఇలా నడుస్తుండగానే పెట్టుకోవచ్చు, ఆ మాత్రం మంచి మెషీనే. ఇది మూడోసారి పెంచడం. గాజులు గారు గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూశారు. "పరుగెత్తేవాడి కాళ్లకి చెప్పులు తొడిగినట్టు చేశావు అమ్మాయ్" అన్నారు.

తెర మీద మెమరీ రెట్టింపు కనబడింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన, అంటే మా వారు, "మెమరీ మెషీనుకి కాదు, ముందు నీకు పెట్టించాలి, కరెంటు బిల్లు కట్టావా?" అన్నారు. కట్టలేదు.

జూన్ 13

కట్టాను. మెషీను బ్రహ్మాండం. శనివారం కదా, జనం తక్కువ.

జూన్ 15

సోమవారం. పదకొండు. మెమరీ లేదట.

జూన్ 16

ఇది మెషీను తప్పు కాదు. నెట్టు ఇచ్చేవాళ్లకి ఫోన్ చేసి గంటసేపు పోట్లాడాను, వాళ్లు మాదేం లేదన్నారు. వీడియో ప్రోగ్రాం రాసినవాళ్లకి రాశాను, వాళ్లూ మాదేం లేదన్నారు. తప్పెవరిదీ కాకుండా ఇంత తప్పు ఎలా జరుగుతుందో నాకర్థం కాదు. బహుశా మెమరీ ఇంకా కావాలి.

చెల్లి మెసేజీ పెట్టింది, బిడ్డ తల తిరిగిందట. ఈసారి డాక్టరుతో గాజుల ద్వారా మాట్లాడిందట, పొద్దున్నే, లైను దొరికే వేళకి. ప్రశ్నలు ఇన్నడిగాను అని పదివేళ్లూ చూపించిన ఫోటో ఒకటి. అన్ని ప్రశ్నలు ఏముంటాయో నాకు తెలీదు. నేనుంటే రెండడిగేదాన్ని.

జూన్ 18

ఇంకా మెమరీ కావాలని అడగడానికి వెళ్లాను. కళ్లజోడు నా వెనకే మెషీను గదికొచ్చి, ఈసారి జోడు ముక్కు మీదే పెట్టుకుని, తెర మీద గీతల్ని వేలితో చూపించాడు.

"ఇదేమిటమ్మా?"

"ఇది వాడుతున్న మెమరీ సర్."

"ఇదీ?"

"ఇది ఖాళీ."

"సగం ఖాళీగా ఉందే. ఉన్నది వాడకుండా ఇంకా తెమ్మంటావు. పైగా అకౌంట్స్ వాళ్ల మెషీను నత్తలా నడుస్తోంది. ఖాళీగా ఉన్న సగం తీసి వాళ్లకిచ్చేస్తే పోలా?"

ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయాను. నా సైగ పేరు గడగడ. చెల్లి పెట్టింది, నోటి దగ్గర వేళ్లు టపటపలాడిస్తారు. అలాంటి గడగడ ఇవాళ నోరు తెరుచుకుని నిలబడింది.

జూన్ 19

సగం ఖాళీ. అయినా చోటు లేదంటోంది.

జూన్ 20

సగం ఖాళీగా ఉండగా చోటు లేదంటోంది.

జూన్ 22

దొరికింది. ఇంత సిగ్గుమాలిన సంగతని తెలిస్తే వెతికేదాన్ని కాదు.

ఈ మెషీను నిద్ర లేచేటప్పుడు ఒకే ఒక్కసారి ఒళ్లు తడుముకుని చూసుకుంటుంది, మెమరీ ఎంతుందా అని. ఉన్నదాంట్లో ఇంత భాగానికి మించి పనివాళ్లు తినెయ్యకూడదనుకుని, "అయితే ఇంతమందికి మించి పుట్టకూడదు" అని ఒక గీత గీసుకుంటుంది. అంతే. ఆ పైన మళ్లీ తడుముకోదు. ఆఫీసు తెరిచిన రోజున మా బీదతనానికి తగ్గట్టు దాని ఒంట్లో ఉన్నది చిటికెడు మెమరీ. ఆ చిటికెడు చూసి గీసిన గీత అది. తర్వాత ఆపకుండా పెంచాం, ఆపకుండా పెంచాం అని గొప్పలు పోతూ నేను ఎంత గుచ్చినా, మెమరీ చేరింది గానీ గీత కదల్లేదు. మధ్యలో ఒక్కసారి నిద్రపోయి లేచినా కొత్త లెక్క వేసుకునేది. మేం కన్ను మూయనిస్తే కదా.

కొత్త పనివాడు పుట్టబోతే గీత దగ్గర ఆగిపోతాడు. ఆ సంగతి వీడియో ప్రోగ్రాంకి చేరేసరికి, ఏ కారణాన పుట్టకపోయినా దానికి వచ్చిన మాట ఒక్కటే: మెమరీ లేదు. నేనేమో ఆ మాట పట్టుకుని మెమరీ, మెమరీ అని ఆఫీసు చుట్టూ తిరిగాను.

మెమరీ పెరిగినప్పుడు గీతని తనే జరుపుకోవచ్చు కదా అని, ఇలాంటివి తయారుచేసేవాళ్ల చర్చ ఒకటి కూర్చుని చదివాను. వాళ్లకీ ఇదే గొడవ. పెరిగితే పెంచాలి అని ఒకడు. ఆ గీత ఎవరో మనిషి తెలిసే పెట్టుకుని ఉంటే, చెప్పకుండా చెరిపెయ్యడానికి మనమెవరం అని ఇంకొకడు. మరి మెమరీ తీసేస్తే గీత దించాలా, దించితే అప్పటికే పుట్టి పని చేస్తున్నవాళ్ల పీకలు పిసుకుతారా అని మూడోవాడు. ముగ్గురిదీ సబబుగానే ఉంది. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. కావాలంటే మనిషే వచ్చి జరపాలి. దానికి ఆపనక్కర్లేదు కూడా, కీబోర్డు మీద ఒక్క లైను కొడితే చాలు.

ఒక్క లైను. రేపు పొద్దున్నే కొట్టేస్తాను.

జూన్ 23

కొట్టలేదు. నడుస్తున్న మెషీను మీద చెయ్యి వేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

జూన్ 24

ఇవాళ కళ్లజోడు లేడు. ఆయన లేకుండా చెయ్యడం పద్ధతి కాదు.

జూన్ 25

ఇవాళ ఉన్నాడు. కానీ మీటింగుల్లో ఉన్నాడు.

గాజులు గారు టీ దగ్గర అడిగారు, "అమ్మాయ్, జబ్బేమిటో తెలిసిందన్నావు, మందెందుకు వెయ్యవు?" గీత ఎంత ఎత్తున పెట్టాలో తేల్చుకోవాలి, అది అంత తేలిక కాదు అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. ఆవిడకి జీవితమంతా మొహాలు చదవడమే పని. చూసి, కప్పు కడుక్కుని వెళ్లిపోయారు. కప్పులు కడిగే మనిషి కాదు ఆవిడ.

జూన్ 26

తొందరపడకూడదు.

జూన్ 27

చెల్లి పొద్దున్నుంచీ మా ఇంట్లోనే. కాళ్లు వాచాయి. వాటిని కుర్చీ మీద పెట్టుకుని, ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలో అడుగుదామని మా సర్వీసుకి కాల్ చేసింది. శనివారమే గానీ నెలాఖరు, జనం విరగబడే రోజు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. అది ఫోను నా మొహం ముందు పెట్టింది.

"ఇప్పుడు లైన్లు ఖాళీ లేవు. దయచేసి కాసేపాగి ప్రయత్నించండి."

ఆ వాక్యం రాసింది నేనే. 'దయచేసి' ముందు ఉండాలా వెనక ఉండాలా అని కళ్లజోడుతో పూటంతా వాదించాను. చదవాల్సినవాళ్ల పక్కన నిలబడి చదవడం ఇదే మొదటిసారి.

"మీ దుకాణం మూసేశారు" అంది చెల్లి. కాసేపాగి ప్రయత్నించింది. ఇంకాసేపాగి ప్రయత్నించింది. తర్వాత ఫోను బోర్లా పెట్టి, "ఆ రోజు కూడా ఇలాగే ఉంటే నువ్వే రా లోపలికి. ఏం చేస్తాం" అంది.

దాని ఫోనందుకుని ఆసుపత్రికి నేనే చేసి, అడిగి, చెప్పాను. మొత్తం చెప్పాను, ఫోన్లో అవతలావిడ దగ్గడం తప్ప. తర్వాత టీ పెడుతున్నాను, మా వారు వెనకనుంచి వచ్చి, "ఏంటి హుషారు, పాట పాడుతున్నావ్. మెషీను బాగుపడిందా?" అన్నారు.

"లేదు, ఇవాళా మొండికేసింది" అన్నాను.

అనేశాక గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. మెషీను మొండికేసింది. నేను పాట పాడుతున్నాను. బల్ల దగ్గర చెల్లి వాచిన కాళ్లు చూసుకుంటూ కూర్చుంది, పురిటి గదిలో ఏం జరుగుతుందో దానికి ఎవరు చెబుతారో తెలీకుండా. నాకు చాలా సిగ్గేసింది. టీ పొంగిపోయింది. ఆయన వచ్చి పొయ్యి కట్టేశారు.

జూన్ 29

కొట్టేశాను. లైను పట్టుమని ఒక అంగుళం లేదు.

ఎంత ఎత్తున పెట్టాలన్నది మాత్రం నిజంగానే ఆలోచించాల్సిన సంగతి, అది సాకు కాదు. మరీ పైకి పెడితే పనివాళ్లు ఎగబడి పుట్టి ఉన్న మెమరీ అంతా తినేస్తారు, అప్పుడు మెషీను చోటు చేసుకోవడానికి ఎవరో ఒకరిని చంపుతుంది. ఎవరిని అన్నది మన చేతుల్లో ఉండదు. ఎవరిదో మంచి కాల్ మాట మధ్యలో పుటుక్కుమంటుంది. అందుకని మెమరీలో కాస్త ఊపిరి మిగిలేలా గీత పెట్టాను.

తర్వాత పరీక్ష. ఇంటర్‌ప్రెటర్లందరినీ ఇళ్లల్లో ఉన్నవాళ్లతో సహా ఫోన్ల ముందు కూర్చోబెట్టి, చెల్లి స్నేహితులందరినీ కూడా ఒకేసారి కాల్ చెయ్యమన్నాను. పదకొండింటికే. ఆఫీసంతా చేతులే చేతులు. పరీక్ష అన్న మాట మర్చిపోయి అందరూ కబుర్లలో పడ్డారు. ఒకావిడ కోడలి మీద చాడీలు చెబుతోంది, ఒకాయన కొత్త పళ్లసెట్టు చూపిస్తున్నాడు. తెర మీద పనివాళ్ల అంకె పాత గీత దాటింది. దాటి ఎంతో పైకి పోయింది. ఒక్క కాల్ కూడా వెనక్కి రాలేదు.

కళ్లజోడు తెర చూసి, "మరి ఇప్పుడు ఖాళీ సగం కన్నా తక్కువగా కనబడుతోందే" అన్నాడు కాస్త దిగులుగా.

సాయంత్రం చెల్లికి చెప్పాను, లైను బాగైందని. "ఎవరు చేశారు?" అంది. "నేనే" అన్నాను. నా వైపు చాలాసేపు చూసింది. ఎప్పుడో తెలిసిపోయినట్టుంది, ఏం తెలిసిందో నేనడగలేదు. కౌగిలించుకుందామని వచ్చింది గానీ పొట్ట అడ్డొచ్చి చేతులు అందలేదు. పక్కనుంచి వచ్చింది.

జూలై 2

ఏం లేదు. అందరం కాచుక్కూర్చున్నాం. మరిది ఉయ్యాల చేశాడు, చేశాక బాలేదని విప్పాడు, మళ్లీ చేశాడు.

జూలై 3

మళ్లీ విప్పాడు.

జూలై 7

నిన్న రాయడానికి కుదరలేదు. ఇవాళ మొత్తం రాసేస్తాను.

నిన్న పొద్దున్న టిఫిను తింటుంటే మరిది నుంచి వీడియో కాల్. నడుస్తూనే ఒంటి చేత్తో గబగబా సైగలు, "బయల్దేరాం" ఒక్కటే అర్థమైంది. నా చేతిలో బ్రెడ్డు ముక్క అలాగే ఉంది. ఆయన నన్ను ఆసుపత్రి దగ్గర దింపుతాననుకుని బండి తీశారు. "ఆఫీసుకి" అన్నాను. ఆయన అద్దంలోంచి నన్నోసారి చూసి సరే అన్నారు.

నా తెర మీద కాల్స్‌కి పేర్లుండవు. ఏ గదిలో నడుస్తోందో, ఎంతసేపటినుంచో, అంతే. లోపలికి చూడ్డానికి నాకు అధికారం లేదు, చూస్తే ఉద్యోగం ఊడుతుంది. మూడో గది పచ్చగా వెలిగింది. గాజులు గారు, ఇంకో ఇంటర్‌ప్రెటరు లోపలికెళ్లారు. ఎక్కువసేపు నడిచే కాల్‌కి ఇద్దరు కావాలి, చేతులు పట్టేస్తాయి, బుర్ర అంతకంటే ముందు పట్టేస్తుంది. తలుపు వేసుకున్నారు.

నేను ఆ పచ్చ చుక్కని చూస్తూ కూర్చున్నాను. నాలుగేళ్ల పిల్లప్పటినుంచీ అది ఏ గదిలో ఉంటే ఆ గదిలో నేనున్నాను. ఇప్పుడు అది అరుస్తోందో, ఏడుస్తోందో, డాక్టరు ఏమంటోందో, ఆ తలుపుకి అవతల అందరికీ తెలుసు, నాకు తెలీదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా కాసేపు.

పదకొండయింది. సోమవారం పదకొండు. కాల్స్ పోటెత్తాయి. అంకె పాత గీత దగ్గరికొచ్చింది. ఇంకా పైకి. మూడో గది పచ్చగానే ఉంది.

సరిగ్గా అప్పుడే కళ్లజోడు, వెనకాల స్క్రూడ్రైవరు పట్టుకుని అకౌంట్స్ అబ్బాయి. "అమ్మా, ఆపక్కర్లేకుండా మెమరీ పెట్టావుగా, అలాగే ఆపకుండా కొంచెం తీసి..."

కుర్చీ లాక్కెళ్లి మెషీను తలుపుకి ఆనించి కూర్చున్నాను. "సర్, గీత పైకి జరిపాను. ఇప్పుడు మెమరీ తీస్తే గీత తనంతట తాను దిగదు. ఉందనుకుని పనివాళ్లు పుడుతూనే ఉంటారు, చోటు లేక ఎవరో ఒకరు చస్తారు. ఇవాళ మూడో గదిలో నా చెల్లి ఉంది. దీన్ని ముట్టుకుంటే నేను రాజీనామా చెయ్యను, కొరుకుతాను."

కళ్లజోడు జోడు తీసి తుడుచుకున్నాడు. "పురుడా?" అన్నాడు. అవునన్నాను. ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కనే మెషీనుకి కాపలా కూర్చున్నాడు. అకౌంట్స్ అబ్బాయిని టీలకి పంపాడు. మంచివాడే, ఎంత తిట్టుకున్నా.

మధ్యాహ్నం దాటాక మూడో గది చుక్క ఆరిపోయింది.

ఆరిపోవడానికి రెండు కారణాలుంటాయి. పని ముగిసి ఫోను పెట్టెయ్యడం ఒకటి. తెగిపోవడం ఇంకోటి. తలుపు తీసుకుని గాజులు గారు బయటికొచ్చారు, జుట్టు చెదిరి, భుజాలు పట్టుకుని.

"గాజులు గారూ."

"మంచినీళ్లియ్యి అమ్మాయ్."

ఇచ్చాను. సీసా మొత్తం తాగారు. మొహం గోడలా ఉంది. లోపల జరిగింది బయట పెట్టకూడదన్నది వాళ్ల నియమం, అమ్మ అడిగినా చెప్పరు. చెల్లికి ఈవిడ మీద నమ్మకం అందుకే. ఆ నియమాన్ని ఎప్పుడూ పొగిడే నేను నిన్న దాన్ని నిలువునా పాతెయ్యాలనుకున్నాను.

అప్పుడు తట్టింది. లోపలి సంగతి నాది కాదు, లైను సంగతి నాదే కదా. "కాల్ ముగిసిందా, తెగిందా? అది చెప్పండి. అది నా మెషీను సంగతి."

ఆవిడ నియమానికి ఎక్కడా అడ్డు రాదని తేల్చుకున్నారు. "ముగిసింది" అన్నారు. "ఎక్కడా ఒక్కసారి కూడా ఆగలేదు."

కళ్లజోడు చప్పట్లు కొట్టాడు. వినబడనివాళ్లు కొట్టే చప్పట్లు, రెండు చేతులూ గాల్లో ఊపుతూ.

అంతలో నా ఫోను. చెల్లే. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, కళ్లు వాచి, ఒంటి చేత్తో చెప్పింది, ఆడపిల్ల. నేను రెండు చేతులతో ఏం చెప్పానో నాకే తెలీదు. అది నన్ను ఆగమంది.

"నాకన్నీ తెలిశాయి. డాక్టరు భయపడింది తెలిసింది, నర్సు జోకు తెలిసింది, నొప్పి ఇంకెంతసేపో తెలిసింది. పిల్ల బయటికొచ్చాక గాజులు, ఏడుస్తోంది అంది. ఎలా అన్నాను. గట్టిగా అంది. అంతే. అది చాల్లేదు నాకు. నువ్వొచ్చి చెప్పు."

బండి మీద ఆయన మెల్లగా పోనిస్తుంటే వీపు మీద గుద్దుతూనే ఉన్నాను.

వెళ్లేసరికి మరిది మంచం పక్కన నిలబడి, పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ఏడిస్తే చేతికి తెలుస్తుందట. నన్ను చూసి పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. ఇంతే ఉంది. ఎర్రగా, మొహమంతా ముడతలు పడి, ఎవరి మీదో కోపంగా. నా చేతుల్లోకి రాగానే ఎత్తుకుంది రాగం. ముందు సన్నగా, ఇంకా ఇష్టం లేనట్టు, తర్వాత ఒక్కసారిగా పైకి, పైన కాసేపు నిలిచి, ఊపిరి కోసం ఆగి, ఆగినందుకు కూడా కోపమొచ్చినట్టు మళ్లీ.

చెల్లి దిండు మీద తల ఎత్తి నన్నే చూస్తోంది. పిల్ల నోరు చూస్తోంది, నన్ను చూస్తోంది. "చెప్పు" అంది.

నేను నోరు తెరిచాను. నోటితో దానికేం లాభం. పిల్లని ఇంకాసేపు ఉంచుకోవాలని చాలా ఉంది, ఇంకా సరిగ్గా మొహమైనా చూడలేదు. కానీ చెప్పాలంటే నాకు రెండు చేతులూ కావాలి. పిల్లని చెల్లి గుండెల మీద పెట్టేసి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.